పరుగెత్తే ముందు నిలబడి నాలుగు మాటలు

సింధనూరు, మాన్వి తాలూకాల్లోని మన క్యాంపుల్లో తెల్లవారుఝామున కాలువ గట్టు మీదికి వెళ్లి నిలబడితే ఒక ముచ్చటైన దృశ్యం కనబడుతుంది. పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో సిద్ధమవుతున్న కుర్రాళ్లు వరసగా పరుగెడుతూ ఉంటారు. చున్నీ నడుముకు బిగించి ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు. వాళ్ల వెనకాల, షుగరు వచ్చిందని డాక్టరు చెప్పాక బయలుదేరిన పెద్దమనుషులు. చూడటానికి ఎంతో సంతోషంగా ఉంటుంది. కానీ నెల తిరిగేసరికి ఆ వరసలో సగం మంది కనబడరు. ఏమయ్యారని అడిగితే, "కాలు పట్టేసిందండీ", "మోకాలు నొప్పండీ" అన్న జవాబే వస్తుంది.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అన్నయ్యగారి అబ్బాయి పోలీసు రాత పరీక్ష పాసయ్యాడు. ఇక మిగిలింది 1,600 మీటర్ల పరుగు. అప్పటిదాకా పుస్తకం ముందు కూర్చున్న కుర్రాడు మొదటి రోజే మూడు కిలోమీటర్లు పరుగెత్తాడు. పది రోజుల్లో పొద్దునా సాయంత్రమూ మొదలుపెట్టాడు. మూడో వారానికి ముంగాలి ఎముక దగ్గర నొప్పి. "ఏరా, కుంటుతున్నావు?" అంటే, "ఏం లేదు బాబాయ్, అలవాటు లేక" అన్నాడు. వాళ్లమ్మ నూనె కాచి రాసింది. వాడు గుడ్డ బిగించి కట్టుకుని మళ్లీ పరుగెత్తాడు. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ కనబడలేదు. దాంతో మరింత ధైర్యంగా పరుగెత్తాడు. రెండు వారాల తర్వాత తీసిన రెండో ఎక్స్‌రేలో ఎముకకు వెంట్రుక లాంటి పగులు కనబడింది. పరుగు పందెం జరిగిన రోజున వాడు ఇంట్లో మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. ఆ మొహం చూశాకే ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది నలుగురితో పంచుకుందామని ఈ వ్యాసం.

ఊపిరి ముందు, ఎముక వెనక

తుంగభద్ర నీళ్లు వచ్చిన కొత్తలో ఈ నల్లరేగడి నేలను చదును చేసి మడులు కట్టిన మన పెద్దలకు పరుగు అనే వ్యాయామం వేరే అక్కర్లేకపోయింది. రోజంతా శ్రమే. వాళ్ల మనవల కాళ్లు అలాంటివి కావు. అవి చదువుకున్న కాళ్లు.

కొత్తగా పరుగు మొదలుపెట్టినవారికి రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు త్వరగా అలవాటు పడతాయి. ఎముకలు, మడమ వెనక ఉండే తాడులాంటి స్నాయువు అంత త్వరగా అలవాటు పడవు. పరుగులో ఒక్కో అడుగు నేలను తాకినప్పుడు కాలి మీద మన బరువుకు రెండు మూడింతల భారం పడుతుంది. నిమిషానికి సుమారు 160 అడుగుల లెక్కన అరగంటలో 4,800 అడుగులు!

పాత గోడకు మరమ్మతు చేసే మేస్త్రి ముందు పాడైన సున్నం గీకేసి, ఆ తర్వాతే కొత్త పూత వేస్తాడు. మన ఎముకా అంతే. కొత్త భారం పడినప్పుడు ముందు పాత పదార్థాన్ని తొలగించుకుంటుంది, తర్వాత గట్టి పదార్థంతో నింపుకుంటుంది. తొలగించడం కొన్ని వారాల్లో అవుతుంది. నింపడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో గోడ బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనకు ఆయాసం తగ్గి హుషారు పెరుగుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

పరిశోధకులు ఏం చెబుతున్నారు?

వేర్వేరు దేశాల పరిశోధనలను కలిపి డెన్మార్క్ పరిశోధకులు 2015లో ఒక లెక్క ప్రకటించారు. వెయ్యి గంటల పరుగుకు కొత్తవారిలో దాదాపు 18 గాయాలు అయితే, అలవాటున్నవారిలో 8 లోపే. అంటే కొత్తవారికి ముప్పు రెండింతల పైమాటే.

మరి నెమ్మదిగా పెంచుకుంటూ పోతే చాలదా? నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో ఇదే పరీక్షించారు. 532 మంది కొత్తవారిని తీసుకుని, ఒక జట్టుకు 8 వారాల మామూలు శిక్షణ, మరో జట్టుకు వారానికి పది శాతం చొప్పున పెంచే 13 వారాల శిక్షణ ఇచ్చారు. 2008లో వచ్చిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. రెండు జట్లలోనూ అయిదుగురిలో ఒకరికి గాయమైంది. తేడా లేదు.

ఈ చిక్కుముడికి ఒక కొస 2025లో దొరికింది. అయిదు వేల మందికి పైగా పరుగరులను గమనించిన ఒక పెద్ద పరిశోధనలో, వారం మొత్తం లెక్క కన్నా ఒక్క రోజు దూరమే ముఖ్యమని తేలింది. గడిచిన 30 రోజుల్లో పరుగెత్తిన అన్నిటికన్నా ఎక్కువ దూరాన్ని, ఏ ఒక్క రోజైనా పది శాతం మించితే గాయం ముప్పు పెరిగింది. రెట్టింపు దాటితే ముప్పూ రెట్టింపు దాటింది. నిన్నటిదాకా రెండు కిలోమీటర్లు పరుగెత్తి, ఆదివారం తోటివాళ్లతో పంతానికి అయిదు కిలోమీటర్లు లాగేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

బూట్లు, ఒళ్లు విరుచుకోవడం

"ఖరీదైన బూట్లు కొంటే సరి" అనుకునేవారు ఎక్కువ. పాదం లోపలికి వాలేవారికి ప్రత్యేకమైన బూట్లు కావాలని చాలా కాలం నమ్మారు. డెన్మార్క్‌లో 927 మంది కొత్తవారికి ఒకే రకం మామూలు బూట్లిచ్చి ఏడాది గమనిస్తే, పాదం వాలేవారికి గాయాలు ఎక్కువేమీ కాలేదని 2014లో తేలింది. కాబట్టి కాలికి హాయిగా ఉండే, బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉన్న బూట్లు చాలు. అరిగిపోయినవి, అన్నయ్యవి వదులైనవి మాత్రం వద్దు.

పరుగుకు ముందు ఒళ్లు విరుచుకునే వ్యాయామాలతో గాయాలు తగ్గుతాయన్నదీ నిలబడలేదు. నెదర్లాండ్స్‌లో 421 మందిపై జరిగిన పరిశోధన 1993లోనే ఆ సంగతి చెప్పింది. చేస్తే నష్టం లేదు, కానీ అదే రక్షణ అనుకోకూడదు. మొదటి అయిదు నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలు.

మేలు చేసినవీ ఉన్నాయి. హాంగ్‌కాంగ్‌లో 320 మంది కొత్తవారిలో కొందరికి అడుగు మెత్తగా వేయడం నేర్పారు. ఆ తర్వాత ఏడాదిలో వారికి గాయాలు మిగతావారికన్నా 62 శాతం తగ్గాయని 2018లో ప్రకటించారు. బ్రెజిల్‌లో పాదం, చీలమండ కండరాలకు వ్యాయామం చేసినవారికి కూడా గాయాలు బాగా తగ్గాయి. అడుగు చప్పుడు మీకే గట్టిగా వినబడుతుంటే, అంగలు చిన్నవి చేసి అడుగుల సంఖ్య పెంచండి. ఇంట్లో గోడ పట్టుకుని మునివేళ్ల మీద పదిహేనుసార్లు లేచి దిగడానికి పైసా ఖర్చు లేదు.

మన ఊళ్లో ఆచరించడం ఎలా?

వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా పదిసార్లు. సులువనిపించాక పరుగు కాస్త పెంచి నడక తగ్గించండి. పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తండి. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచవద్దు. పరీక్షకు వెళ్లేవారు నోటిఫికేషన్ కోసం కాచుకోకుండా నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి.

గట్టు అంచున ఏటవాలుగా కాక, మధ్యన చదునుగా ఉన్నచోట పరుగెత్తండి. వానాకాలంలో రేగడి బురద బూటుకు అంటుకుని కాలు బరువవుతుంది, ఎండాకాలంలో నెర్రెల్లో మడమ మెలికపడుతుంది. అలాంటప్పుడు స్కూలు మైదానమే మేలు. ఏప్రిల్, మే నెలల్లో మన రాయచూరు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కనుక సూర్యోదయానికే ముగించాలి. అలాగని కటిక చీకట్లో వెళితే గట్టు మీద పురుగూ పుట్రా ఉంటాయి. చేతిలో టార్చిలైటు ఉండనివ్వండి.

నలభై దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు ముందు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. షుగరున్నవారు రోజూ పాదాలు చూసుకోవాలి. బొబ్బ లేచినా తెలియకపోవచ్చు. ఇక అమ్మాయిల తల్లులకు ఒక మాట. బరువు తగ్గాలని తిండి మానేసి పరుగెత్తే పిల్లలకు నెలసరి తప్పుతుంటే దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. ఎముకలు గుల్లబారుతున్నాయనడానికి అది గుర్తు కావచ్చు.

ఏ నొప్పికి ఆగాలి?

పిక్కలు, తొడలు మొత్తంగా పట్టేసినట్టుండి రెండు రోజుల్లో తగ్గితే అది మామూలు నొప్పి. ఒక్క వేలితో "ఇదిగో, ఇక్కడే" అని ఎముక మీద చూపించగలిగిన నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, కుంటించే నొప్పి అలాంటివి కావు. వెంటనే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. గజ్జలో నొప్పి అయితే అసలు ఆలస్యం చేయకూడదు. సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లి అడగాలి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడమంటే ఇంట్లో దొంగ పడ్డప్పుడు కుక్క నోరు కట్టేయడమే.

మా వాడు మూడు నెలలు ఆగి, నడకతో మళ్లీ మొదలుపెట్టాడు. తోటివాళ్లు నవ్వారు. "నవ్వనీ బాబాయ్" అన్నాడు. మరుసటిసారి వచ్చిన అవకాశంలో ఏ నొప్పీ లేకుండా గీత దాటాడు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు. పరుగు మానమని నా ఉద్దేశం కాదు. మీ ఇంట్లో ఏ పిల్లవాడైనా పొద్దున్నే బూట్లు కడుతుంటే, "ఎంత దూరం?" అని మాత్రమే అడగకండి. "కాలెలా ఉంది?" అని కూడా అడగండి. మా వాడిని ఆ మాట గట్టిగా అడిగి ఉంటే ఒక ఏడాది మిగిలేది.