న్యూట్రినోను పోల్చుకున్న నోవా

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు దగ్గరగా యాష్ రివర్ అనే చోట 14 వేల టన్నుల యంత్రం ఒకటి 2014లో సిద్ధమైంది. దాని పేరు నోవా. షికాగో దగ్గరి ఫెర్మీల్యాబ్ పరిశోధనశాల నుంచి బయల్దేరిన న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు 810 కిలోమీటర్లు భూమి లోపలి నుంచే ప్రయాణించి దాన్ని చేరతాయి. బయల్దేరేటప్పుడు దాదాపు అన్నీ మ్యుయాన్ న్యూట్రినోలే. దారిలో కొన్ని ఎలక్ట్రాన్ న్యూట్రినోలుగా మారతాయి. అలా ఎన్ని మారాయో తేలితే, విశ్వంలో ప్రతిపదార్థం పోయి పదార్థమే ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు ఒక ఆధారం దొరకవచ్చు.

నోవా అంటే మూడు లక్షల 44 వేల పీవీసీ గొట్టాలు. ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పేర్చి, వాటి నిండా మెరిసే గుణమున్న నూనె పోశారు. న్యూట్రినో ఏదైనా పరమాణువును ఢీకొంటే పుట్టే కణాలు ఆ నూనెను వెలిగిస్తాయి. ఆ వెలుగును ఆప్టికల్ ఫైబర్ సెన్సర్‌కు చేరుస్తుంది. ప్రతి ఘటనకూ పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి రెండు బొమ్మలు వస్తాయి. మ్యుయాన్ న్యూట్రినో నుంచి పుట్టే మ్యుయాన్ పొడవైన గీత గీస్తుంది. ఎలక్ట్రాన్ న్యూట్రినో నుంచి పుట్టే ఎలక్ట్రాన్ చీపురు పుల్లల్లా విచ్చుకుంటుంది. చిక్కల్లా తటస్థ పయాన్ అనే మరో కణంతోనే. దాని నుంచి పుట్టే ఫోటాన్లు కూడా ఎలక్ట్రాన్ బొమ్మనే వేస్తాయి. పైగా యంత్రం నేలమీదే ఉంది కాబట్టి విశ్వకిరణాలు సెకనుకు దాదాపు లక్షన్నర చొప్పున దానిమీద కురుస్తాయి.

మొదట్లో శాస్త్రవేత్తలు గీతలు గుర్తించి, వాటి పొడవు, శక్తి కొలిచి, కణం ఏదో నిర్ణయించేవారు. మొదటి మెట్టులో జరిగిన పొరపాటు చివరిదాకా వెంట వచ్చేది. 2015లో ఒకే డేటాను ఒక పద్ధతితో వడగడితే 6 ఎలక్ట్రాన్ న్యూట్రినోలు తేలాయి, మరో పద్ధతితో 11.

2016లో నోవా బృందం దారి మార్చింది. ఫోటోల్లోని వస్తువులను గుర్తుపట్టడానికి తయారైన గూగుల్‌నెట్‌ను నమూనాగా తీసుకుని ఒక న్యూరల్ నెట్‌వర్క్ కట్టి, గీతలూ కొలతలూ లేకుండా ముడి బొమ్మలనే దాని ముందు పెట్టారు. ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్లో సృష్టించిన ఘటనలు చూసి అదే నేర్చుకుంది. చుక్క నూనె అదనంగా పోయకుండానే 30 శాతం ఎక్కువ డేటా సేకరించినంత ఫలితం వచ్చింది. రెట్టింపుకు పైగా పెరిగిన డేటాలో ఆ ఏడాది 33 ఎలక్ట్రాన్ న్యూట్రినో ఘటనలు ఎంపికయ్యాయి.

కల్పిత బొమ్మలతో చదువుకున్నది నిజాన్ని సరిగ్గా చదువుతుందా? దీనికి బృందం చక్కని పరీక్ష పెట్టింది. నిజంగా నమోదైన మ్యుయాన్ న్యూట్రినో ఘటనలోంచి మ్యుయాన్ గీతను తీసేసి, ఆ స్థానంలో కల్పిత ఎలక్ట్రాన్‌ను అతికించి నెట్‌వర్క్‌కు చూపించారు. మిగతా అంతా ప్రకృతి ఇచ్చిందే. అక్కడా దాని తీర్పు నిలబడితేనే నమ్మకం.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులకూ ఈ ప్రయోగంలో భాగముంది. దక్షిణ డకోటా గనుల లోతున రూపుదిద్దుకుంటున్న డ్యూన్ అనే మరో న్యూట్రినో ప్రయోగం ద్రవ ఆర్గాన్‌లో ఇంతకంటే ఎంతో సూక్ష్మమైన బొమ్మలు తీస్తుంది. వాటిని చదవడానికీ ఇలాంటి నెట్‌వర్క్‌లే కావాలి. అవి ఎంత శక్తిమంతమైతే, వాటిని నిలదీసే పరీక్షలూ అంత పదునెక్కాలి.