పాత వరుస, కొత్త పాట : బళ్ళారి నాటకరంగమును హిప్‌హాప్ సంగీతమును

బళ్ళారి మండలము భాషల కూడలి. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయుల కొసగెను. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునను, బళ్ళారి పట్టణము మైసూరు రాష్ట్రమునను చేరినవి. పాలకులు భూమిని పంచుకొనగలిగిరి గాని పాటల వరుసలను పంచలేకపోయిరి. ఒకే వరుసపై తెలుగువాడు తెలుగు మాటను, కన్నడిగుడు కన్నడపు మాటను పలికిన నేల యిది. పాతదానిని పునాదిగా గొని కొత్తదానిని కట్టుట యెట్లు, పునాది వేసినవానికి చెల్లవలసినదేమి అను ప్రశ్నలు నేటి ప్రపంచ సంగీతమున పెద్ద వివాదములైనవి. వానిని తెలిసికొనుటకు బళ్ళారి నాటకచరిత్ర చక్కని దారి చూపును.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) బళ్ళారిలో న్యాయవాదులు, ‘ఆంధ్రనాటక పితామహ’ బిరుదాంకితులు. సరసవినోదినీ సభను నెలకొల్పి, 1887లో ‘చిత్రనళీయము’ మొదలుగా ముప్పదివరకు నాటకములు రచించిరి. తెలుగు నాటకమున పాటలను ప్రవేశపెట్టినవారిగా వీరు ప్రసిద్ధులు. అదే పట్టణమున కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919) సుమనోరమ సభకు చారిత్రక నాటకములు వ్రాసిరి. ధర్మవరమువారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) నటనచే ఆ కీర్తిని దేశాంతరములకు గొనిపోయెను.

ఆనాటి నాటకములలో పాట పుట్టిన తీరు గమనింపదగినది. ప్రతి పాటకును కొత్త బాణీ కట్టుట ఆచారము కాదు. ఊరూర తిరుగు పార్శీ, మరాఠీ, కన్నడ నాటక సంఘముల పాటలు, జావళీలు, కీర్తనలు జనుల చెవులలో నిలిచియుండెడివి. కవి అందొక వరుసను గ్రహించి, గురులఘువుల నెంచి, తాళపు దెబ్బ పడుచోట తన మాటలోని బరువైన అక్షరము పడునట్లు తెలుగు కూర్చును. హార్మోనియము వాయించువాడు నటుని గొంతునకు తగిన శ్రుతిని నిర్ణయించును. నటుడు రసమునుబట్టి ఒకచోట సాగదీసి, ఒకచోట తెంచి, దానిని తనదిగా చేసికొనును. ఇట్లు ఒక్క పాట ముగ్గురి సొత్తగును. వరుసను మొదట కట్టిన అజ్ఞాత గాయకుని చేర్చినచో నలుగురిది.

ఈ వరుసనే తెలుగువారు వర్ణమెట్టు అనియు, కన్నడిగులు మట్టు అనియు, మరాఠీవారు చాల్ అనియు వ్యవహరింతురు. ఆ కాలపు నాటక గ్రంథములలో పాటకు పైన రాగతాళములతోపాటు, ఫలానా పాట వరుస అని ముద్రించుట కలదు. దానివలన రెండు ప్రయోజనములు సిద్ధించెను. స్వరలిపి నెరుగని నటుడు సయితము పాట నెట్లు పాడవలెనో గ్రహించెను. వరుస ఎక్కడినుండి వచ్చెనో లోకమునకు తెలిసెను. అరువు తెచ్చుకొనుట దాచవలసిన పనిగా ఆనాటివారు భావింపలేదనుటకు ఆ చిన్న పంక్తియే సాక్ష్యము.

ఇది నాటకములకే పరిమితమైన పద్ధతి కాదు. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించిరి. మరాఠీ సంగీత నాటకమునకు 1880లో నాంది పలికిన అణ్ణాసాహేబ కిర్లోస్కరుగారు కన్నడ వరుసలను తమ పాటలలో ఇముడ్చుకొనిరి. ఈ తీరున ఒక వరుస రెండు మూడు భాషలు దాటి, కొన్నియెడల పుట్టినింటికే కొత్త వేషముతో తిరిగివచ్చుట సంభవించును.

ఇక పడమటి ఖండపు సంగతి. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అను యువకుడు ఒక వేడుకలో రెండు గ్రామఫోను యంత్రములను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకే రికార్డు ప్రతులు రెంటిని మార్చి మార్చి నడపుచు, తప్పెట మాత్రమే వినిపించు ఘట్టమును పొడిగించెను. నర్తకులు దానికై ఎదురుచూచెడివారు. ఆ లయపై ప్రాసలతో మాటలు పలుకుట అలవాటై హిప్‌హాప్ రూపొందెను. 1980 దశాబ్దిలో పాత రికార్డునుండి కొంత ధ్వనిని కత్తిరించి, దాచి, తిరిగి వినిపించు యంత్రములు చౌక కాగా, ఆ తునుకను ‘శాంపిల్’ అనిరి. నీగ్రో ప్రార్థనామందిరపు గానమునుండి పుట్టిన ‘సోల్’ పాటలు ఈ తునుకలకు గని వంటివైనవి.

2011 ఆగస్టులో జే-జీ, కాన్యే వెస్ట్ అను ఇద్దరు కళాకారులు కలిసి వెలువరించిన ‘వాచ్ ద థ్రోన్’ సంపుటి ఇందుకు తగిన ఉదాహరణము. అందు ‘ఓటిస్’ అను పాట ఓటిస్ రెడ్డింగ్ 1966లో పాడిన ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’ రికార్డుపై నిలిచినది. ఓటిస్ 1967లో ఇరువదియారవ యేట మరణించెను. ఆయన పాడినదియు ఆయన సొంత రచన కాదు. అది 1932 నాటి పాట. ఒక తరముపై మరొక తరము అంతస్తు కట్టినట్లు మూడు కాలములు అందు పేరుకొనియున్నవి. ఇద్దరును తమ పేర్లతోపాటు ఓటిస్ పేరును గాయకునిగా ప్రకటించిరి. ఇది మన నాటక గ్రంథములలోని ఆ చిన్న పంక్తికి సమానమైన మర్యాద.

అయినను రెంటికి ముఖ్యమైన భేదము కలదు. బళ్ళారి కవి గ్రహించినది వరుసను మాత్రమే. అచ్చు పాతదైనను పోసిన లోహము కొత్తది. పాడిన గొంతు కొత్తది. శాంపిల్ గ్రహించునది గొంతునే, అందలి ఊపిరిని, వణుకును, నాటి వాద్యగాండ్ర చేతివాటమును. కావున చట్టము రెండు హక్కులను వేర్వేరుగా గుర్తించినది. ఒకటి పాట రచనపై, రెండవది ధ్వనిముద్రణపై. శాంపిల్ వాడువాడు రెంటికి అనుమతి పొందవలెను. 1991లో న్యూయార్కు న్యాయస్థానము అనుమతిలేని శాంపిల్ వాడుక దొంగతనమేయని తీర్పు చెప్పినది. భారతదేశమున 1957 నాటి కాపీరైటు చట్టము క్రింద ధ్వనిముద్రణ హక్కు, ప్రచురించిన పిమ్మట నేడు అరువది సంవత్సరములు నిలుచును.

చట్టము చేరలేని అన్యాయము కూడ కలదు. జేమ్స్ బ్రౌన్ బృందమున 1969లో ‘ఫంకీ డ్రమ్మర్’ పాటకు తప్పెట వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ లయను లెక్కకు మిక్కిలి రికార్డులు వాడుకొన్నవి. అతడు కూలికి వాయించినవాడగుటచే రచయితృత్వపు హక్కు దక్కలేదు. 2017లో అతడు మరణించెను. హార్మోనియము వాయించి నాటకములను నిలబెట్టి, కరపత్రముల కెక్కని మన పల్లెల వాద్యగాండ్రకును అతనికిని దూరమెంత?

అరువు అన్నివిధముల మేలనియు చెప్పరాదు. పాటల మోజులో నాటకము మరుగుపడుచున్నదని రాఘవ గ్రహించి, పాటను తగ్గించి, సహజమైన పలుకునకును అభినయమునకును ప్రాధాన్య మొసగెను. హిప్‌హాప్ విమర్శకులు నేడు చెప్పునదియు ఇట్టిదే. పాత గొంతు మాధుర్యమే శ్రోతను లాగి, కొత్త మాట వట్టి గొణుగుడైనచో ఆ పాట అరువు సొమ్ముతో చేసిన ఆడంబరము. కొత్త మాట పాత పాటకు బదులు పలికినచో, దాని దుఃఖమునకు నేటి కాలపు అర్థము చెప్పినచో, అది నిజమైన రచన.

బళ్ళారి ప్రాంతపు తెలుగువారికి ఇందొక కర్తవ్యము కలదు. పాత నాటక గ్రంథములను పునర్ముద్రించునపుడు పాటపైనున్న వరుస సూచనను అనవసరమని తొలగించినచో, ఆ పాటకును దాని పుట్టుకకును నడుమ నున్న దారి తెగిపోవును. ఇండ్లలో మిగిలిన గ్రామఫోను పలకలపై కవి, గాయకుడు, వాద్యగాండ్రు ఎవరో తెలిసిన వృద్ధు లుండగనే ఆ పేర్లను వ్రాసికొనుట మేలు. రేపు ఒక యువకుడు ఆ పలకలోని పద్యపు రాగాలాపనను కత్తిరించి కొత్త పాట కట్టినచో దానికి వెరవ నక్కరలేదు. ధర్మవరమువారును తమ కాలమున అట్టి సాహసమే చేసిరి. అతడు ఎవరి గొంతు వాడినాడో చెప్పగలుగుటకు ఆ పేరు మిగిలియుండవలెను. దానిని మిగుల్చుట నేటివారి పని.