వెతికే మాట, రాసిన మాట

గూగుల్, బింగ్ వంటి శోధన యంత్రాల్లో ఒక మాట టైపు చేయగానే అవి ఆ క్షణంలోనే ప్రపంచంలోని వెబ్ పేజీలన్నిటినీ తిరగేసి వస్తాయని చాలామంది అనుకుంటారు గాని, జరిగేది వేరు. క్రాలర్లు అనే ప్రోగ్రాములు లింకు పట్టుకుని లింకుకు పోతూ దొరికిన పేజీలను ముందుగానే చదివి ఉంచుతాయి. ఏ మాట ఏయే పేజీల్లో ఉన్నదో చెప్పే సూచిక, పెద్ద గ్రంథాల చివర ఉండే పదసూచిక వంటిదే, అప్పటికే సిద్ధమై ఉంటుంది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్థాపించిన గూగుల్, ఒక పేజీకి ఎన్ని పేజీలు, ఎంత విలువ గల పేజీలు లింకు ఇచ్చాయన్న లెక్కతో ఫలితాలకు వరుస కట్టి పేరు తెచ్చుకుంది. తరువాతి కాలంలో ఆ లెక్కకు మరెన్నో అంశాలు తోడై, పర్యాయపదాలను, అడిగినవారి ఉద్దేశాన్ని ఊహించే నేర్పు కూడా యంత్రాలకు కొంత అబ్బింది. అయినా పునాది మారలేదు. వెతికేవారి మాట, పేజీ రాసినవారి మాట ఎక్కడో ఒకచోట కలవాలి.

తెలుగు విషయాల్లో ఈ కలయిక ఎంత కష్టమో చూడడానికి 1977 నవంబరు 19న తుఫానుతో పాటు వచ్చి కృష్ణా జిల్లా తీరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలు తీసిన దివిసీమ ఉప్పెన మంచి ఉదాహరణ. ఉప్పెన అన్న ఒక్క మాటతో వెతికితే ముందుగా ఎదురయ్యేది 2021లో విడుదలైన సినిమా, దాని పాటలు, వసూళ్లు. అక్కరలేని మాటకు ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు తగిలిస్తే ఆ మాట ఉన్న పేజీలు ఫలితాల నుంచి తొలగిపోతాయి కనుక, సినిమా అన్న మాటకు ఆ గుర్తు పెట్టడం అందరికీ తట్టే ఉపాయం. ఇందులో ఒక చిక్కుంది. తెలుగు వార్తా సైట్లలో దాదాపు ప్రతి పేజీ నెత్తిన రాజకీయం, క్రీడలు, సినిమా అంటూ శీర్షికల పట్టీ ఉంటుంది కాబట్టి, తుఫాను మీద వచ్చిన మంచి వ్యాసం కూడా ఆ దెబ్బకు కొట్టుకుపోవచ్చు. దానికి బదులు ఆ చిత్ర కథానాయకుడు వైష్ణవ్ తేజ్ పేరుకు మైనస్ పెడితే వేటు సరైన చోట పడుతుంది.

రెండు మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అవి అదే వరుసలో, పక్కపక్కన ఉన్న పేజీలే రావాలని యంత్రానికి చెప్పినట్లు. ఇంగ్లిషులో ఎంతో అక్కరకు వచ్చే ఈ పద్ధతి తెలుగులో తరచు ఎదురు తిరుగుతుంది. దివిసీమ ఉప్పెన అని కొటేషన్లలో పెట్టి వెతికితే దివిసీమను ముంచిన ఉప్పెన, దివిసీమలో వచ్చిన ఉప్పెన, దివి ఉప్పెన అని రాసినవన్నీ జారిపోతాయి. విభక్తి ప్రత్యయాలు నామవాచకాలకు అంటుకునే భాషలో అచ్చంగా అదే రూపం కావాలని పట్టుబట్టడం వల్ల నష్టమే ఎక్కువ. అందుచేత కొటేషన్లను ఊరి పేర్లకు, పుస్తకాల పేర్లకు, ఎవరో అన్నట్లుగా ప్రచారంలో ఉన్న వాక్యాలకు దాచుకోవడం మేలు.

తెలుగు వర్ణక్రమంలోని వెసులుబాటు మరో అడ్డంకి. తుఫాను, తుపాను, తుఫాన్ అన్న మూడు రూపాలూ అచ్చులో కనిపిస్తాయి. దివిసీమను కొందరు కలిపి, కొందరు విడదీసి రాస్తారు. పాత పుస్తకాల్లోని చెఱువు కొత్త పుస్తకాల్లో చెరువు అవుతుంది. ఇలాంటప్పుడు రెండు రూపాల మధ్య ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో ఆర్ (OR) అని రాస్తే ఏది ఉన్నా సరేనని యంత్రం గ్రహిస్తుంది. తుఫాను పేరుతో వెతుకుదామా అంటే, ఉత్తర హిందూ మహాసముద్రంలో పుట్టే తుఫానులకు పేర్లు పెట్టడం 2004లోగాని మొదలు కాలేదు కనుక 1977 నాటి దానికి పేరే లేదు. 2014లో విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్‌ను వెతికేవారికి ఉన్న సుఖం దీనిని వెతికేవారికి లేదు.

ఇక కాలం తెచ్చే మార్పులున్నాయి. దివిసీమలోని నాగాయలంక మండలం, కోడూరు మండలం అని వెతికేవారికి 1977 నాటి పత్రాలు దొరకవు, ఎందుకంటే మండలాలు 1985లో ఏర్పడ్డాయి. అప్పటి కాగితాల్లో ఉండేది దివి తాలూకా. సముద్రం పొంగి ఊళ్ల మీద పడడాన్ని నేటి శాస్త్రవేత్తలు ఇంగ్లిషులో స్టార్మ్ సర్జ్ అంటుండగా, ఆనాటి ఇంగ్లిషు పత్రికలు శాస్త్రరీత్యా తప్పే అయినా టైడల్ వేవ్ అని రాసేవి. కాబట్టి పాత వార్త కావలసినవారు పాత తప్పునే టైపు చేయాలి.

ఎక్కడ వెతకాలో చెప్పే సాధనం కూడా ఉంది. సైట్ అన్న ఇంగ్లిషు మాట రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా గవ్ డాట్ ఇన్ అని చేరిస్తే ప్రభుత్వ సైట్లలోని పేజీలే వస్తాయి. అలాగే ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని చేరిస్తే నివేదికలు, జీవోలు, పరిశోధన పత్రాలు పైకి తేలుతాయి. బిఫోర్, ఆఫ్టర్ అన్న మాటలకు కోలన్, తేదీ జోడించి కాలాన్ని కూడా కుదించవచ్చు గాని, ఆ తేదీ పేజీ వెలువడిన నాటిదే తప్ప సంఘటన జరిగిన నాటిది కాదు. భారతదేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందినదే 1995 ఆగస్టులో అన్న సంగతి గుర్తుంటే, 1980కి ముందు అని షరతు పెట్టిన శోధన దాదాపు ఖాళీ చేతులతో ఎందుకు తిరిగి వస్తుందో అర్థమవుతుంది.

ఎంత నేర్పుగా వెతికినా యంత్రం కంటికి ఆననివి కొన్ని ఉంటాయి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి ఫాంట్లలో కూర్చిన తెలుగు పీడీఎఫ్‌లు మనిషికి చక్కగా కనిపిస్తాయి గాని, అక్షరాల అడుగున ఉన్న సంకేతాలు ఇంగ్లిషువి కావడంతో యంత్రానికి అవి అర్థం లేని గిలుకుడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలెన్నో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటి పేర్లను మాత్రం ఎవరికి తోచినట్లు వారు ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించారు. అక్కడ వెతికేవారు ఒకే పేరును మూడు నాలుగు తప్పుల తడకలుగా ఊహించుకోక తప్పదు, ఆ పని విసుగు పుట్టించేదే అయినా.

దొరికిన దాన్ని తూచడం వేరే పని. దివిసీమలో మృతుల సంఖ్యను ఒక పేజీ 10 వేలంటే మరొకటి 50 వేల దాకా పోతుంది. ఫలితాల పైభాగాన కృత్రిమ మేధ కూర్చి పెట్టే జవాబు వాటిలో ఏదో ఒకదాన్ని ధీమాగా చెప్పి ఊరుకోవచ్చు. అంకె పక్కన ఏ ఆధారం చూపారో, ఆ ఆధారం మరే ఆధారాన్ని నమ్ముకుందో వెనక్కి నడుచుకుంటూ పోతే చాలా పేజీలు ఒకే మూలాన్ని మక్కికి మక్కి ఎత్తి రాసినవేనని తేలుతుంది. పది పేజీలు ఒకే మాట అంటున్నంత మాత్రాన పది సాక్ష్యాలు దొరికినట్లు కాదు.

ఆ నడక చివరకు చాలాసార్లు గ్రంథాలయంలోని పాత పత్రికల కట్ట దగ్గర ఆగుతుంది. అక్కడా తేదీయే శోధనపదం. 1977 నవంబరు 19 శనివారం. రోడ్లు కోసుకుపోయి, టెలిఫోను తీగలు తెగిపడిన దీవుల నుంచి మాట బయటికి రావడానికి రోజులు పట్టే కాలమది. తిరగేయవలసినది 20వ తేదీ ఆదివారం సంచిక ఒక్కటే కాదు, ఆ తరువాతి వారమంతా.