పూల చిల్లర వ్యాపారంలో డిజిటల్ చెల్లింపుల భద్రత: కార్వాన్ ప్రాంత పరిస్థితులు

చామంతి, బంతి, గులాబీ, మల్లె వంటి పూలు కోసిన క్షణం నుంచి నాణ్యత కోల్పోతూ ఉంటాయి. ఉదయం పలికిన ధర మధ్యాహ్నానికి పలకదు. కోతానంతర నష్టాలను చర్చించేటప్పుడు గంపలు, రవాణా, శీతల గిడ్డంగులు ప్రస్తావనకు వస్తాయి గాని, అమ్మిన సరుకుకు డబ్బు అందకపోవడం వల్ల కలిగే నష్టాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. చిన్న పూల వ్యాపారి విషయంలో ఇది కూడా కోతానంతర నష్టమే.

హైదరాబాద్ పూల మార్కెట్టు 2009లో జాంబాగ్ నుంచి కార్వాన్ నియోజకవర్గంలోని గుడిమల్కాపూర్‌కు మారింది. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి పరిసరాల రైతులు తెచ్చిన పూలను చిల్లర వ్యాపారులు ఇక్కడ కొని, బండ్లపైన, గుళ్ల ముందర మూరల లెక్కన అమ్ముతారు. శ్రావణమాసంలోను, బతుకమ్మ, దీపావళి రోజులలోను రద్దీ పెరుగుతుంది. 2016లో ప్రారంభమైన యూపీఐ విధానం, 2020 జనవరి 1 నుంచి వ్యాపారిపై రుసుము లేకుండా చేయడంతో, ఈ బండ్ల వరకు చేరింది. చిల్లర ఇబ్బంది తీరింది. దానితోపాటు కొత్త రకం మోసాలూ వచ్చాయి.

చెల్లింపుల భద్రత అనే సమస్య కార్వాన్‌కు కొత్తది కాదు. బిడారులు విడిది చేసిన చోటు కనుక ఈ పేరు వచ్చిందని చెబుతారు. గోల్కొండ కోటకు, 1578లో కట్టిన పురానాపూల్‌కు నడుమనున్న ఈ ప్రాంతం కుతుబ్‌షాహీల కాలంలో వర్తకులకు, సాహుకార్లకు నెలవు. దేశీయ వర్తకులు వాడిన హుండీలలో ‘షాజోగ్’ అనే రకం ఉండేది. బజారులో పరువు ఉన్న వర్తకుని ద్వారా వస్తేనే దాని సొమ్ము చెల్లించేవారు. దారిలో దొంగ చేతికి చిక్కినా అతడు దానిని సొమ్ము చేసుకోవడం కష్టం. ఎవరికి చేరుతున్నదో తేల్చుకున్న తరువాతే డబ్బు చెల్లించడం అందులోని కీలకం. క్యూఆర్ కోడ్ విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

నష్టం ఎక్కడ కలుగుతున్నది?

సమగ్ర సస్యరక్షణలో పురుగును గుర్తించకుండా మందు పిచికారీ చేయరు. ఉధృతి ఆర్థిక నష్ట పరిమితి స్థాయిని దాటినప్పుడే ఖర్చు పెడతారు. చెల్లింపుల భద్రతకు కూడా ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. రోజుకు రెండు మూడు వేల రూపాయల అమ్మకం ఉన్న బండికి కార్డు యంత్రం, కెమెరాలు అనవసరపు భారం. ఆ బండికి ముఖ్యమైన ముప్పు, సరుకు చేయి మారే ఆ అర నిమిషంలోనే ఉంది.

కొనుగోలుదారు తన ఫోన్‌లో చూపించే పచ్చటి గుర్తు చెల్లింపుకు రుజువు కాదు. అది పాత స్క్రీన్‌షాట్ కావచ్చు, నకిలీ యాప్ కావచ్చు, నిజంగానే మధ్యలో నిలిచిపోయిన లావాదేవీ కావచ్చు. ఈ మూడవదానిలో కొనుగోలుదారు తప్పేమీ లేదు; అతనిని దొంగగా చూడడం వ్యాపారానికి మంచిది కాదు. అయినా నష్టపోయేది వ్యాపారే. వ్యాపారికి చేరినట్లు నిర్ధారణ కాని యూపీఐ చెల్లింపు ఐదు రోజులలోగా కొనుగోలుదారుకు తిరిగి జమ కావాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువు విధించింది. అంటే కొనుగోలుదారు డబ్బు అతనికి తిరిగి వస్తుంది. మల్లెపూలు తిరిగి రావు. తెలిసినవారైతే 12 అంకెల లావాదేవీ సంఖ్యను రాసుకుని సరుకు ఇవ్వవచ్చు. తెలియనివారి విషయంలో తన ఖాతాలో జమ అయినట్లు తెలిసే వరకు ఆగడమే సరైనది.

ఈ పనికి సౌండ్ బాక్స్ ఉపయోగపడుతుంది. దాని అద్దె నెలకు వంద రూపాయలు, మూర పూల ధర నలభై రూపాయలు అనుకుంటే, నెలలో మూడు మూరలకు డబ్బు రాకపోయినా అద్దెను మించిన నష్టమే. కనుక నష్ట పరిమితి ఇక్కడ చాలా తక్కువ స్థాయిలోనే దాటుతుంది. అయితే తెల్లవారుజామున మార్కెట్టు సందడిలో ఏ పెట్టె పలికిందో తెలియదు. కొనుగోలుదారు ఫోన్ నుంచే అటువంటి శబ్దం వినిపించే నకిలీ యాప్‌లూ ఉన్నాయి. అందుచేత మూరల అమ్మకానికి శబ్దం చాలు గాని, గంపల లెక్కన అమ్మేటప్పుడు సొంత యాప్‌లోని జమల పట్టికను చూడవలసిందే. బ్యాంకు నుంచి వచ్చినట్లు కనిపించే సందేశం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

స్టిక్కరు మార్పిడి మరొక మోసం. రాత్రివేళ బండిపై వదిలేసిన క్యూఆర్ కోడ్‌పై వేరొకరు తమది అతికిస్తారు. దీని నివారణకు ఖర్చు లేదు: రాత్రి కోడ్‌ను ఇంటికి తీసుకుపోవడం, ఉదయం ఇంట్లోని మరొక ఫోన్‌తో ఒక రూపాయి పంపి పేరు సరిచూడడం.

పెద్ద ఆర్డర్లు, ఖాతాల స్తంభన

సైన్యాధికారినని, పెళ్లివారమని ఫోన్ చేసి వందల మూరలు అడిగి, ముందస్తు సొమ్ము అందుకోవడానికి కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమనే మోసం చిరు వ్యాపారులకు బాగా పరిచితం. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరమే లేదు. వ్యక్తుల మధ్య సొమ్ము కోరే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేసినా, కోడ్ ద్వారా జరిగే వంచన ఆగలేదు.

అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చే ముప్పు ఖాతా స్తంభన. ఎక్కడో మోసం చేసి సంపాదించిన సొమ్ముతో ఎవరైనా పూలు కొంటే, దర్యాప్తులో ఆ సొమ్ము చేరిన ఖాతాలన్నిటినీ, కొన్నిసార్లు వేరే రాష్ట్రపు పోలీసులు కూడా, నిలిపివేయించవచ్చు. అందులోనే ఇంటి ఖర్చులు, రైతుకు ఇవ్వవలసిన బాకీ ఉంటే వ్యాపారం ఆ రోజే ఆగిపోతుంది. అమ్మకాలకు ఒక ఖాతా, ఇంటికి మరొకటి తన పేరునే ఉంచుకుని, మార్కెట్టు కొనుగోలు చీటీలను తేదీల వారీగా భద్రపరచడం దీనికి బీమా వంటిది. వచ్చిన సొమ్ము పూల అమ్మకానిదేనని చూపడానికి ఆ చీటీలే ఆధారం. ఈ ఒక్క అలవాటు పూల మార్కెట్టులో ఇంకా బలపడవలసి ఉన్నది.

మోసం జరిగినప్పుడు 1930 సంఖ్యకు వెంటనే ఫోన్ చేయాలి. సొమ్ము మరొక ఖాతాకు మారేలోగా ఆపగలిగితేనే ఫలితం. బ్యాంకుకు కూడా తెలియజేయాలి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం బ్యాంకుదిగాని ఖాతాదారుదిగాని తప్పు లేని అనధికార లావాదేవీని మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారుపై భారం ఉండదు. పిన్‌ను తానే ఇతరులకు చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టమంతా అతనిదే. దుకాణంలో సహాయకునికి పిన్ చెప్పి ఫోన్ అప్పగించే వాడుక ఉన్నచోట ఈ నిబంధన ప్రత్యేకించి వర్తిస్తుంది. సహాయకుని ఎదుట సౌండ్ బాక్స్ ఉంటే అతనికి యజమాని ఫోన్‌తో పనే ఉండదు.