హోఫ్విల్ ఫెలెన్‌బర్గ్ : సేద్యముతో సాగిన బడి

స్విట్జర్లాండులోని బెర్న్ నగరమునకు ఉత్తరమున, మ్యూన్షన్‌బుఖ్సే గ్రామము చెంత హోఫ్విల్ అను వ్యవసాయ క్షేత్రము ఉండెను. దానిని 1799లో ఫిలిప్ ఇమాన్యుయల్ ఫెలెన్‌బర్గ్ కొనెను. ఫ్రెంచి సేనలు బెర్న్‌ను పట్టుకొని పాత ప్రభుత్వమును కూల్చిన మరుసటి సంవత్సరమది. ఫెలెన్‌బర్గ్ 1771లో ఆ నగరపు పాలక కుటుంబములలో ఒకదానియందు పుట్టినవాడు. కోరినచో పదవులకు కొదువ లేదు. అయినను దేశము కుదుటపడవలెనన్న ముందు పల్లె కుదుటపడవలెనని నమ్మి పొలమునకు వచ్చెను.

మొదట నీటి సంగతి చూచెను. ఊటనేలలలో భూమి అడుగున కాలువలు తీయించి, అందుండి వచ్చిన నీటినే పచ్చికబీళ్లకు పారించెను. పశువులను కొట్టములోనే కట్టి మేపించెను. పేడయు మూత్రమును వృథా కానీయక పొలమునకు చేర్పించెను. లోతు దుక్కి చేయించి, ధాన్యపు పంటల నడుమ క్లోవర్ అను పశుగ్రాసమును మార్చి వేసెను. తన కార్ఖానాలో వరుసలుగా విత్తు యంత్రములను, వరుసల మధ్య కలుపు తీయు పనిముట్లను చేయించెను. గొర్రుతో విత్తుట తరతరాలుగా ఎరిగిన మన మెట్టరైతుకు ఇందులో వింత లేదు. ఆ రోజులలో యూరపున చాలచోట్ల విత్తనమును చేతితో వెదజల్లుటయే వాడుక.

అయితే ఆయనకు పేరు తెచ్చినది పంట కాదు, బీదపిల్లల బడి. దిక్కులేని పిల్లలను చేరదీసి, పొలములోను కార్ఖానాలోను పని నేర్పుచు చదువు చెప్పించుట ఆయన పద్ధతి. 1810లో యోహాన్ యాకోబ్ వేర్లీ అను ఇరువది ఏండ్ల లోపు యువకుడు ఉపాధ్యాయుడుగా చేరెను. పిల్లలతోనే తిని, వారితోనే పడుకొని, వారితోపాటు మట్టిలో పనిచేసెను. లెక్కలు, మొక్కల గుణములు పని నడుమనే చెప్పుచుండెను.

దీనికి ఖర్చెట్లు? చిన్నతనములో పిల్లవానిపై పెట్టిన ఖర్చు, పెద్దవాడై 21 ఏండ్లవరకు చేయు పనితో తీరునని ఫెలెన్‌బర్గ్ లెక్క. బాలురచేత అన్ని గంటలు చాకిరి చేయించుట నేటి మన దృష్టికి ఒప్పదు. పైగా భారమంతయు వారి రెక్కలపైననే నిలువలేదు. ధనికుల పిల్లలకు వేరొక బడి ఉండెను. అందు దొరల బిడ్డలు జీతము చెల్లించి చదివిరి. స్కాట్లండు నుండి రాబర్ట్ ఓవెన్ తన కుమారులను పంపెను. తరువాత గ్రీసు దేశాధినేతయైన కపోడిస్ట్రియాస్ 1814లో ఈ క్షేత్రముపై రష్యా చక్రవర్తికి నివేదిక వ్రాసెను.

ఇంటిగెలుపు మాత్రము ఆలస్యముగా వచ్చెను. గ్రామోపాధ్యాయులకు హోఫ్విల్‌లో శిక్షణ తరగతులు పెట్టగా, బెర్న్ పాలకులు తమ ఉపాధ్యాయులను అచటికి పోనీయలేదు. చదివిన పల్లె ప్రశ్నించునని వారి జంకు కాబోలు! 1831లో ఆ పాలన అంతరించినది. క్రొత్త రాజ్యాంగము వ్రాసిన సభలో ఫెలెన్‌బర్గ్ ఒక సభ్యుడు. అయినను ఆయన మనసు పదవులపైకంటె బడిమీదనే ఉండెను. పట్టినపట్టు విడువని స్వభావమగుటచే తోటివారితో పొసగుటయు కష్టమయ్యెను. 1804లో పెస్టలోజీ వంటి విద్యావేత్తయే ఆయనతో కలిసి పనిచేయబోయి ఏడాదిలోపల విడిపోయెను.

వేర్లీ 1833లో ఉపాధ్యాయ శిక్షణాలయము నడుపుటకు క్రాయిట్స్‌లింగెన్‌కు తరలిపోయెను. ఫెలెన్‌బర్గ్ 1844 నవంబరులో మరణించెను. అన్ని బళ్లకు ఆయన ఒక్కడే స్తంభమగుటచే 1848లో అవి మూతపడెను. కాని వేర్లీ పద్ధతిని అనుసరించిన బీదపిల్లల బడులు అప్పటికే స్విట్జర్లాండున పలుచోట్ల వెలసియుండెను. 1860లో బెర్న్ ప్రభుత్వము హోఫ్విల్‌కు సమీపముననే, రూట్టి వద్ద, రైతుబిడ్డలకు వ్యవసాయ పాఠశాల తెరచెను.