తిరుగుతూనే ఉంది

కరెంటు బిల్లు కట్టడానికి ఫోనులో బటన్ నొక్కారు. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చేసింది. తెర మీద మాత్రం చిన్న గుండ్రం ఒకటి తిరుగుతూనే ఉంది. వెనక్కి వస్తే కట్టింది పోతుందేమోనని భయం, మళ్లీ నొక్కితే రెండోసారి కడతామేమోనని ఇంకో భయం. ఆ గుండ్రాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు లోడర్ అంటారు, స్పిన్నర్ అని కూడా అంటారు.

హైటెక్ సిటీలో ఉద్యోగం కోసం అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో చేరే కుర్రకారుకు దీన్ని తయారు చేయడం ఓ పూట పని. నలభై పిక్సెళ్ల చదరం గీసి, చుట్టూ బూడిదరంగు అంచు వేసి, పై అంచుకు మాత్రం నీలం పూయాలి. మూలల్ని 50 శాతం గుండ్రం చేస్తే చదరం కాస్తా కడియం అవుతుంది. సెకనుకోసారి 360 డిగ్రీలు తిరగమని, పేజీ రూపాన్ని తీర్చే సీఎస్ఎస్ భాషలో రెండు మూడు లైన్లు రాస్తే కడియం కదులుతుంది. మెలిక ఒక్కటే. వేగం దగ్గర ‘లీనియర్’, అంటే ఒకే వేగం, అని రాయడం మరిచిపోతే, బ్రౌజర్ ప్రతి చుట్టూ మెల్లగా మొదలెట్టి మెల్లగా ముగిస్తుంది. గుండ్రం కుంటుతున్నట్టు కనిపిస్తుంది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి వెబ్‌సైట్లకు ఈ గుండ్రంతో పెద్దగా పనిలేదు. ఏ లింకు నొక్కినా పేజీ మొత్తం కొత్తగా వచ్చేది, వచ్చేదాకా బ్రౌజర్ మూలనున్న గుర్తే ఆడుతూ ఉండేది. 2005లో అజాక్స్ అన్న పేరు పుట్టింది. పేజీ కదలకుండా అందులో ఒక ముక్క మాత్రమే మార్చే ఆ పద్ధతి త్వరగానే అంతటా పాకింది. బ్రౌజర్ గుర్తు మూగబోయింది. లోపల పని నడుస్తోందని చెప్పే బాధ్యత సైటు మీదే పడింది.

లోడర్ పెడితే సైటు వేగం పెరుగుతుందా? ఇసుమంత కూడా పెరగదు. పెరిగేది ఓపిక. సెకన్లు లెక్కపెట్టే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బండి ఆపేసి నిలబడతాం, అంకె కనబడని చోట హారన్ మోగిస్తాం. 1985లో బ్రాడ్ మయర్స్ పరిశోధనలో కూడా, పని ఎంత శాతం అయిందో చూపే పట్టీ ఉంటేనే బాగుందని జనం చెప్పారు. 2010లో క్రిస్ హారిసన్ బృందం ఇంకాస్త ముందుకెళ్లింది. పట్టీ మీద చారలు వెనక్కి పారుతున్నట్టు గీస్తే అదే నిరీక్షణ 11 శాతం తక్కువగా తోచిందని తేల్చింది. కనికట్టే, కానీ ఎవరికీ నష్టం లేనిది.

వెబ్ వాడకం మీద పరిశోధించిన జేకబ్ నీల్సన్ చెప్పిన కొలతలు నేటికీ డిజైనర్ల నోట వినిపిస్తాయి. సెకనులో పదో వంతులో స్పందిస్తే వెంటనే అయినట్టే. ఒక్క సెకను దాకా ఆలోచన తెగదు. పది దాటితే మనసు వేరే పనిమీదికి పోతుంది. అందుకే అర సెకనులో అయిపోయే పనికి లోడర్ తగిలించడం దండగ. కళ్ల ముందు తళుక్కుమని మాయమై చిరాకు పెడుతుంది.

అసలు తంటా ఆగని గుండ్రంతో. పని సాఫీగా జరిగితే లోడర్‌ను తీసేయమని కోడ్‌లో రాస్తారు, బెడిసికొడితే ఏం చేయాలో రాయడం మరుస్తారు. అవతల సర్వర్ చేతులెత్తేసినా ఇవతల చక్రం తిరుగుతూనే ఉంటుంది. పేజీని పనిచేయించే జావాస్క్రిప్ట్ భాషలో ‘ఫైనల్లీ’ అనే భాగం ఉన్నదే ఇందుకు. గెలిచినా ఓడినా అక్కడి మాట నడుస్తుంది, లోడర్‌ను తీసే లైను అక్కడ పడితే సరిపోతుంది. ఇంకో విచిత్రం ఉంది. క్రోమ్ లాంటి బ్రౌజర్లలో ఇలాంటి కదలికను వేరే దారిలో నడిపిస్తారు కాబట్టి, పేజీలోని జావాస్క్రిప్ట్ బిగుసుకుపోయినా గుండ్రం హాయిగా తిరగగలదు. తిరుగుతోంది కదా, బతికే ఉందిలే అనుకోవడానికి వీల్లేదు. డబ్బు కట్టే పేజీలో అయితే ఒకసారి నొక్కిన బటన్ మళ్లీ పనిచేయకుండా కట్టడి చేయడం, ఎక్కువసేపు పడితే ఏం జరుగుతోందో మాటల్లో చెప్పడం లోడర్ కన్నా ముఖ్యం.

తిరిగే బొమ్మలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లూ ఉన్నారు. ఫోను సెట్టింగుల్లో కదలికలు తగ్గించమని వాళ్లు పెట్టుకుంటే, ఆ సంగతి కనుక్కుని గుండ్రాన్ని ఆపే వీలు సీఎస్ఎస్‌లో ఉంది. చూపు లేనివారికి ఆ గుండ్రం ఉన్నట్టే తెలియదు. వారికోసం ‘లోడ్ అవుతోంది’ అన్న మాటను స్క్రీన్ రీడర్ చదివి వినిపించేలా పేజీలో పెట్టాలి. ఆ మాట తెలుగుదని కోడ్‌లో గుర్తు కూడా వేయాలి, లేకపోతే ఇంగ్లిష్ గొంతు దాన్ని తన యాసలో నమిలేసే ప్రమాదం ఉంది.