మెమరీ కార్డు చెడిపోతే మార్పిడి ఎలా? అండమాన్ వినియోగదారులు తెలుసుకోవలసిన అంశాలు

శ్రీ విజయపురం: చూడటానికి గోరంత ఉండే మెమరీ కార్డులో పెళ్లి ఫొటోలు, సముద్ర గర్భంలో తీసిన వీడియోలు, ఏళ్ల తరబడి దాచుకున్న కుటుంబ చిత్రాలు నిక్షిప్తమై ఉంటాయి. అది హఠాత్తుగా పనిచేయడం మానేస్తే అండమాన్ నికోబార్ దీవుల్లోని వినియోగదారుకు రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, అందులోని సమాచారం. రెండవది, దూరం. కంపెనీ సేవా కేంద్రం ప్రధాన భూభాగంలో ఉంటే కార్డు సముద్రం దాటి వెళ్లాలి, బదులు కార్డు మళ్లీ సముద్రం దాటి రావాలి. కొన్ని వందల రూపాయల వస్తువు కోసం ఇంత ప్రయాస దేనికని వదిలివేయాలనిపించడం సహజం. అయితే దూరం కారణంగా వారంటీ హక్కు తగ్గదు. క్రమపద్ధతిలో వ్యవహరిస్తే దీవి దాటకుండానే ఆ హక్కును వినియోగించుకోవచ్చు.

లోపం కార్డుదేనా?

మొదట కార్డును మరొక ఫోన్‌లోనో, కెమెరాలోనో, కార్డు రీడర్‌లోనో పెట్టి చూడాలి. పెద్ద ఎస్‌డీ కార్డులకు, మైక్రో ఎస్‌డీ అడాప్టర్లకు పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది. అది కిందికి జారి ఉంటే కొత్త ఫైళ్లు నమోదు కావు. దీవుల్లో ఏడాదిలో అధిక భాగం తేమ, ఉప్పుగాలి ఉంటాయి కనుక కార్డు వెనుక ఉన్న లోహపు పట్టీలను పొడి మెత్తని గుడ్డతో తుడిచి మరోసారి పరీక్షించడం మంచిది. తుప్పు, విరుగుడు, నీటి వల్ల కలిగిన నష్టం వంటివి చాలా వారంటీల పరిధిలోకి రావు.

64 జీబీ కార్డును కంప్యూటర్‌కు కలిపితే సుమారు 59.6 జీబీ, 128 జీబీ కార్డుకు సుమారు 119 జీబీ కనిపించడం లోపం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కించడమే ఈ తేడాకు కారణం.

ఫైళ్లు చదవగలిగినా కొత్తవి నమోదు కాకపోతే, ఫార్మాట్ చేసినా పాత ఫైళ్లు అలాగే కనిపిస్తే కార్డులోని ఫ్లాష్ మెమరీ అరిగిపోయి ఉండవచ్చు. అటువంటి దశలో కొన్ని కార్డులు చదవడానికి మాత్రమే అనుమతించే స్థితికి మారతాయి. సమాచారాన్ని కాపీ చేసుకోవడానికి అదే చివరి అవకాశం కావచ్చు.

నకిలీ కార్డుల విషయం వేరు. తక్కువ సామర్థ్యం గల కార్డు తనలో ఎక్కువ చోటు ఉన్నట్లు చూపేలా మార్చి విక్రయిస్తారు. అసలు సామర్థ్యం నిండిన తర్వాత చేర్చిన ఫైళ్లు పాడవుతాయి. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రాములు కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివి అసలు సామర్థ్యాన్ని చెబుతాయి. అవసరమైన ఫైళ్లు ఉన్న కార్డుపై ఈ పరీక్ష చేయరాదు. నకిలీ అని తేలితే బ్రాండు కంపెనీ వారంటీ వర్తించదు. అప్పుడు బాధ్యత అమ్మిన వ్యాపారిదే.

వారంటీ కార్డుకే, సమాచారానికి కాదు

కంపెనీలు చెడిన కార్డుకు బదులు మరొక కార్డు ఇస్తాయే తప్ప అందులోని ఫొటోలకు సాధారణంగా బాధ్యత వహించవు. పంపిన కార్డు తిరిగి రాదు. అందువల్ల సమాచారం ముఖ్యమా, కొత్త కార్డు ముఖ్యమా అన్నది ముందుగానే నిర్ణయించుకోవాలి. ఫొటోలే ముఖ్యమైతే కార్డులో కొత్తగా ఏదీ నమోదు చేయకుండా, ఫార్మాట్ చేయకుండా డేటా రికవరీ నిపుణులను సంప్రదించాలి. కార్డును విప్పితే వారంటీ రద్దయ్యే అవకాశం ఉంది కనుక షరతులను ముందే తెలుసుకోవాలి. మరోవైపు, వ్యక్తిగత చిత్రాలున్న కార్డు ఇంకా పనిచేస్తుంటే, కాపీ చేసుకుని వాటిని తుడిచివేసిన తర్వాతే పంపడం క్షేమం.

వారంటీ వ్యవధి కార్డును బట్టి మారుతుంది. సీసీటీవీలు, వాహనాల డ్యాష్ కెమెరాల వంటి నిరంతర రికార్డింగుకు సాధారణ కార్డులు వాడితే వారంటీ చెల్లదని పలు కంపెనీలు షరతు పెడతాయి. ఆ అవసరాలకు ప్రత్యేకంగా తయారైన కార్డులనే కొనాలి.

ఎవరిని అడగాలి?

మొదట అమ్మిన దుకాణదారుకు చూపాలి. అక్కడ పరిష్కారం లభించకపోతే ప్యాకెట్‌ను పరిశీలించాలి. 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకు సంప్రదించవలసిన ఫోన్ నంబరు, ఈ-మెయిల్ దానిపై ఉండాలి. బిల్లు, కార్డుపై ఉన్న సీరియల్ నంబరు, లోపం కనిపించే తెర చిత్రం జతచేసి ఈ-మెయిల్ పంపితే తేదీతో కూడిన ఆధారం మిగులుతుంది. కంపెనీ ఫిర్యాదు సంఖ్య ఇచ్చిన తర్వాతే కార్డును పంపాలి. రానుపోను ఖర్చు ఎవరిదో ముందే రాతపూర్వకంగా అడగాలి.

మెమరీ కార్డులో బ్యాటరీ ఉండదు. అందువల్ల లిథియం బ్యాటరీలకు వర్తించే విమాన రవాణా ఆంక్షలు దీనికి లేవు. గట్టి డబ్బాలో పెట్టి స్పీడ్ పోస్టులో పంపి, రసీదును భద్రపరచుకోవాలి. కొన్ని దుకాణాల బిల్లులపై అక్షరాలు కొద్ది నెలల్లోనే వెలిసిపోతాయి. కొన్న రోజే బిల్లును ఫొటో తీసి ఈ-మెయిల్‌లో దాచుకోవాలి. ఆ ఫొటోను అదే కార్డులో ఉంచితే ప్రయోజనం ఉండదు.

చట్టం ఏమంటోంది?

2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపభూయిష్టమైన వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం కూడా అదే కోవలోకి వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నట్లయితే, ఈ-కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలని 2020 నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం కొన్నవారికి మినహాయింపు ఉంది. ఒంటరిగా కెమెరా పట్టి కుటుంబాన్ని పోషించుకునే ఫొటోగ్రాఫర్ ఈ మినహాయింపును కోరవచ్చు.

దీవి నుంచే ఫిర్యాదు

కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగు సహా 17 భాషల్లో ఈ సేవ లభిస్తోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం కావడంతో ఇది ఇక్కడ ఉపయోగకరం. హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు. కంపెనీకి ఫిర్యాదును చేరవేసి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది.

అప్పటికీ ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటే ఫిర్యాదు చేసేందుకు చట్టంలోని 34వ సెక్షన్ అవకాశం కల్పించింది. ద్వీపవాసులకు ఇదే అన్నిటికన్నా విలువైన వెసులుబాటు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. తగిన కారణం చూపితే వీడియో కాన్ఫరెన్స్ విచారణకు కమిషన్ అనుమతించవచ్చు. లోపం రుజువైతే వస్తువు మార్పిడికి, సొమ్ము వాపసుకు, తగిన నష్టపరిహారానికి ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

2020 ఆగస్టు 10న ప్రారంభమైన, సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్‌తో దీవుల ఇంటర్నెట్ వేగం మెరుగుపడింది. ఫిర్యాదు పంపడానికే కాదు, ముఖ్యమైన ఫొటోలకు మరొక ప్రతిని ఆన్‌లైన్‌లో దాచుకోవడానికీ అది ఉపకరిస్తుంది. చెడిన కార్డుకు బదులు కార్డు రావచ్చు. పోయిన ఫొటోకు బదులు మరొకటి రాదు. కాబట్టి బిల్లును ఎంత జాగ్రత్తగా దాచుకుంటామో, ఫొటోల రెండవ ప్రతినీ అంతే జాగ్రత్తగా దాచుకోవాలి.